నాకంటే చిన్నవాడైన మా సిహింగ్

మూత నేనే పెట్టాను. ఈ మూడు మాటలు చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. షార్జాలో ఆ వంటింట్లో నాతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ ఎక్కడైనా కలిస్తే, పెద్దాయన పాత కుండను పాడుచేసింది జగిత్యాల పక్క కుర్రాడేనని చెప్పుకుంటారు. వాళ్ళను అనడానికేమీ లేదు. వాళ్ళు అలా అనుకుంటూ ఉంటే ఊరుకున్నది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

2003లో షార్జాలో, అల్ నహ్దాలోని ఒక చైనీస్ రెస్టారెంట్‌లో వంటవాడిగా చేరాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. కాకినాడలో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, విశాఖలో కొన్నేళ్ళ పని, ఆ రెండింటి మీదా కాస్త గర్వం ఉండేవి. నాతోపాటు అదే వారంలో ఇంకో తెలుగువాడు చేరాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు. నాకంటే బాగా చిన్నవాడు. మొదట ఏదో కంపెనీలో గోడలకు ప్లాస్టరింగ్ చేసి, ఆ కంపెనీ మూతపడితే వంటింటికి వచ్చాడు. గొప్పలు చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. ఉల్లిపాయలు కోస్తూ తాను కోసిన వేగం ఎవరైనా చూశారా లేదా అని నాలుగు వైపులా చూసేవాడు.

మా ఇద్దరికీ పని నేర్పింది హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక ముసలాయన. కాంటనీస్ మాట్లాడేవాడు. మాతో మాత్రం నాలుగు ముక్కల ఇంగ్లీషు, నాలుగు ముక్కల హిందీ, ఆ పైన పని అయిపోతే ఖలాస్, కదలమంటే యల్లా. ఆయన్ని అందరూ సిఫూ అనేవారు. గురువు, తండ్రి రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయని తరవాత తెలిసింది.

చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ అయిపోయి వంటిల్లు చల్లబడ్డాక, సిఫూ సోయా సాస్ డబ్బాల పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. మమ్మల్నిద్దరినీ పిలిచి "టీ" అన్నాడు. పేపర్ కప్పుల్లో పోసి తెచ్చాం. ఆయన తీసుకోలేదు. నేల వైపు వేలు చూపించాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఇవ్వాలట.

గిన్నెలు కడిగేవాళ్ళు చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. డిప్లొమా ఉన్నవాణ్ణి, ఇంకో వంటవాడి ముందు మోకాళ్ళ మీద కూర్చోవడమేమిటి?

"నువ్వే పో ముందు" అన్నాను పక్కవాడితో.

"నాకేం సిగ్గు? గుళ్ళె మొక్కుతలేమా ఏంది?" అని నవ్వుతూ మోకరిల్లి కప్పు అందించాడు. సిఫూ తాగాడు. తరవాత నేను ఒక మోకాలు మాత్రం ఆనించి ఇచ్చాను. అదీ తాగాడు. తాగి, అతని వైపు చూపించి "సిహింగ్" అన్నాడు. నా వైపు చూపించి "సిదాయ్" అన్నాడు. అతను అన్న, నేను తమ్ముడు.

"నో సిఫూ. మై బడా, హీ ఛోటా" అన్నాను, చేత్తో ఎత్తులు చూపిస్తూ.

సిఫూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "నో నో. టీ ఫస్ట్, బిగ్ బ్రదర్."

ఈ వరసలు తెలుగువాళ్ళకు త్వరగా పట్టుబడతాయి. నాన్నకు అన్న అయితే పెదనాన్న, తమ్ముడైతే బాబాయి అని మనకు వేరువేరు మాటలున్నట్టే, గురువుకు ముందు చేరిన సహపాఠి సిబాక్, తరవాత చేరినవాడు సిసుక్. గురువుగారి గురువు సిగుంగ్. గురువుగారి భార్య సిమో. మా సిమో హాంకాంగ్‌లో ఉండేది. ఫోన్‌లో ఆమె దగ్గు తప్ప ఇంకేమీ మేం వినలేదు. నాకు మింగుడుపడనిది ఒక్కటే. మన వరసల్లో ఎవరు ముందు పుట్టారన్నది లెక్క. అక్కడ ఎవరు ముందు గుమ్మం దాటారన్నది లెక్క. నేను సిగ్గుపడి అతన్ని ముందుకు తోసిన ఆ కాసేపట్లో, నా కంటే చిన్నవాడు జీవితాంతం నాకు అన్న అయిపోయాడు.

అన్న అయినందుకు అతనికి దక్కేవి ఉన్నాయి. కొత్త వంటకం రుచి ముందు అతనికే. కొత్త కత్తి ముందు అతని చేతికే. ఆ రోజే సిఫూ ఇంకో సంగతి కూడా చెప్పాడు. నన్ను చూపించి "హీ మిస్టేక్," అని, అతని చెవి పట్టుకుని మెలిపెట్టాడు. తమ్ముడు తప్పుచేస్తే జవాబు అన్నే చెప్పుకోవాలి. అందరం నవ్వాం.

"అంటే నువ్వు ఉప్పెక్కువేస్తే నా చెవి తెగుతదా! మస్తుగుంది" అన్నాడు అతను.

నేను అతన్ని సిహింగ్ అని ఏనాడూ పిలవలేదు. తమ్ముడూ అనేవాణ్ణి. అతను నన్ను అన్నా అనేవాడు, అలవాటుగానే.

"ఒక్కపారి అను అన్నా. సిహింగ్ అని. నీ సొమ్మేం పోతది?"

"నాకు నోరు తిరగదు తమ్ముడూ."

"వోక్ తిరుగుతది, గరిటె తిరుగుతది, నోరొక్కటే తిరగదా?"

తరవాత చేరిన నేపాలీ కుర్రాళ్ళు అతన్ని సిహింగ్ అంటుంటే ఛాతీ విరుచుకుని నా వైపు చూసేవాడు. నేను ఫ్రిజ్ తలుపు తీసి అందులో ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాణ్ణి.

ఇక కుండ సంగతి. మూలనున్న పొయ్యి మీద ఒక పెద్ద స్టీలు గిన్నె ఉండేది. దాన్ని మేం కుండ అనేవాళ్ళం. అందులో సోయా, అనాసపువ్వు, దాల్చినచెక్క, ఎండిన కమలా తొక్క, పటికబెల్లం వేసి కాచిన నల్లటి పులుసు. కోళ్ళు, బాతులు, గుడ్లు అందులో ఉడికించి తీసేవాళ్ళం. పులుసు మాత్రం పారబోయం. తగ్గినంత కలుపుతూ అదే వాడతాం. సిఫూ గల్ఫ్‌కు వచ్చిన మొదటి ఏడు పెట్టిన పులుసు అది. ఆయన రెస్టారెంట్లు మారినప్పుడల్లా వెంట తీసుకుపోయాడు. దాన్ని జగిత్యాలతను ముసలమ్మ అనేవాడు. "ముసలమ్మకు కాక పెట్టినవా అన్నా?" అని అడిగేవాడు. కొంచెం తీసి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చుగా అని నేనొకసారి అంటే, గడ్డకట్టింది చచ్చినట్టేనని సిఫూ చేత్తో మెడ కోసుకుంటున్నట్టు చూపించాడు.

దాని నియమం ఒక్కటే. రోజూ ఒకసారి మరగాలి. పొయ్యి ఆపాక పూర్తిగా చల్లారేదాకా మూత పెట్టకూడదు. వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్ళయి అందులోనే పడి, పులుసు పులిసిపోతుంది. చల్లారేదాకా మాలో ఒకరం పక్కనే కూర్చోవాలి.

శిష్యుడు సొంతంగా వంటిల్లు నడపడానికి వెళ్ళేటప్పుడు గురువు ఆ కుండలోంచి ఒక సీసాడు పోసి ఇస్తాడు. ఆ సీసా ఉంటేనే అతను ఫలానావాడి శిష్యుడు. ఫుజైరాలో పోర్టు దగ్గర ఓడలవాళ్ళు తినే ఒక రెస్టారెంట్ ఉండేది. దాని యజమాని మా సిఫూకు సిదాయ్, అంటే మాకు సిసుక్. ఆయనకు పెద్ద వంటవాడు కావాలి. సిఫూ మాట ఇస్తే చాలు. 2006 వేసవిలో సిఫూ ఆ మాట ఇవ్వడానికి సిద్ధపడ్డాడు, మా సిహింగ్ కోసం.

అతనికి అదెంత పెద్ద సంగతో నాకు బాగా తెలుసు. పెద్ద వంటవాడి జీతానికి ఫ్యామిలీ వీసా వస్తుంది. అతని కూతురు పుట్టాక ఒకే ఒక్క సెలవులో చూశాడు. "ఫోన్ల మాట్లాడితే వాళ్ళ తాత అనుకుంటది అన్నా నన్ను" అనేవాడు నవ్వుతూ. ఫుజైరాలో సముద్రం పక్కన ఇల్లు తీసుకుంటాడట. పిల్లను ఇసుకలో ఆడిస్తాడట. ఆ పిల్ల కోసం కొన్న ఎర్ర ప్లాస్టిక్ బకెట్, చిన్న పార అతని మంచం కింద ఉండేవి. నేనూ అదే గదిలో పడుకునేవాణ్ణి. రోజూ చూసేవాణ్ణి.

ఆ ఆగస్టులో సిమోకు ఆపరేషనని సిఫూ హాంకాంగ్ వెళ్ళాడు. పొగ గొట్టాలు శుభ్రం చేయించాలని ముదీర్, అంటే మేనేజరు, రెస్టారెంట్ మూయించాడు. ఆ సందు చూసుకుని సిహింగ్ ఫుజైరా వంటిల్లు చూసిరావడానికి బయల్దేరాడు. పోయేముందు కుండలో కొత్త సోయా, అనాసపువ్వు కలిపి, మరగనిచ్చి, చల్లారేదాకా కూర్చుని, మూత పెట్టి నాకు అప్పగించాడు.

"ముసలమ్మ పైలం అన్నా."

"నాకు చెబుతావేంటి? పోయిరా."

మర్నాడు మరిగించాను. పొయ్యి ఆపాను. రెస్టారెంట్ మూసి ఉంది కనుక ఏసీ లేదు. ఒళ్ళంతా చెమట. చల్లారేదాకా కూర్చోవాలంటే అక్కడే ఉడికిపోవాలి. గదికి పోయి పడుకుందామని లేచాను. అప్పుడు గోడమీద, సరిగ్గా కుండకు పైన, బల్లి కనిపించింది. మా ఇంట్లో వండిన గిన్నె మూత లేకుండా ఉండడం నేను పుట్టి ఎరగను. బల్లి పడుతుందని అమ్మ భయం. పాలగిన్నె మీద పళ్ళెం లేకపోతే మా వీపులు మోగేవి. నియమం నాకు తెలియక కాదు. తెలిసే, చేతికి అందిన మూత తీసి కుండ మీద పెట్టాను. సాయంత్రం వచ్చి తీద్దామనుకున్నాను. రాలేదు. మర్నాడు గొట్టాలు కడిగేవాళ్ళు లోపల ఉన్నారని అసలు వెళ్ళనే లేదు.

ఆ తరవాతి ఉదయం మూత ఎత్తితే నురగ. పుల్లటి వాసన ముక్కులోకి కొట్టింది. మూత లోపలి వైపంతా నీటి బొట్లు. వాటిని గుడ్డతో శుభ్రంగా తుడిచి, మూతను గోడకున్న మేకుకు తగిలించాను. నోటితో అబద్ధం తరవాత చెప్పాను గాని, చేతులతో అప్పుడే చెప్పేశాను.

మధ్యాహ్నానికి సిహింగ్ వచ్చాడు. గుమ్మంలోంచే ఫుజైరా కబుర్లు మొదలుపెట్టాడు. "సిసుక్ మంచోడే అన్నా, ఒట్టి పిసినారి. రెండు గుడ్లు పెట్టి మూడు సార్లు చూసిండు..." అంటూ ఆగిపోయాడు. వాసన వచ్చింది. కుండ దగ్గరికి పోయి గరిటె ముంచి నాలుక మీద వేసుకున్నాడు.

"మరిగించినవ్ గదా?"

"మరిగించాను." మొదటి రోజు వరకు అది నిజమే.

మూత గురించి అతను అడగలేదు. అది మేం చేయగలిగే తప్పని అతనికి తట్టి ఉండదు. పొయ్యి వెలిగించి మళ్ళీ మళ్ళీ మరిగించాడు. నురగ తీశాడు. తీసినకొద్దీ వచ్చింది. చివరికి గరిటె పక్కన పెట్టి అన్నాడు, "కొత్త సోయా నేనే పోసిన. డబ్బా వేరే కంపెనీది ఉండె. ఎక్కువ వడ్డది గావచ్చు. అంతేనంటవా అన్నా?"

"ఏమో" అన్నాను.

సిఫూ వచ్చిన రోజు ముదీర్ కూడా వంటింట్లోకి వచ్చాడు. సిఫూ కుండలోకి వంగి చాలాసేపు అలాగే ఉన్నాడు. తల ఎత్తేసరికి ఎదురుగా నేను కనిపించాను. "హూ లుక్ ఆఫ్టర్?" అని అడిగాడు. నా ఉద్యోగం పోతుందని, వీసా పోతుందని, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి.

"సిహింగ్" అన్నాను.

ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. అతను చప్పున నా వైపు చూశాడు. ఆ ముఖంలో ముందు వచ్చింది సంతోషమే. దాన్ని నేను చూశాను. తరవాత సిఫూ వైపు తిరిగి, "మై, సిఫూ. న్యూ సోయా, టూ మచ్. మై మిస్టేక్" అన్నాడు. అన్న కనుక మోశాడని అందరూ అనుకున్నారు. కాదు. నిజంగానే తన తప్పనుకున్నాడు. అది కాదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మేకుకున్న మూత వైపు చూస్తూ నిలబడ్డాను.

సిఫూ అరవలేదు. చెవి మెలిపెట్టలేదు. కుండకు ఒక చెవి తాను పట్టుకుని, రెండో చెవి అతన్ని పట్టుకోమన్నాడు. ఇద్దరూ మోసుకెళ్ళి కడిగే తొట్టిలో వంచేశారు. పులుసంతా పోయేదాకా నీళ్ళు వదిలాడు. "ఖలాస్" అన్నాడు.

ఫుజైరాకు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. ఆయన మాటలు మాకు తెలియలేదు. మాట వెనక్కి తీసుకున్నాడని తెలియడానికి కాంటనీస్ అక్కర్లేదు. ఆ తరవాత సిఫూ అతన్ని సిహింగ్ అనడం మానేశాడు. ఏదైనా కావాలంటే చిటిక వేసేవాడు. అతనూ మారిపోయాడు. ఉప్పు వేసి నన్ను పిలిచేవాడు, చూడమని. సాస్ పోసి మళ్ళీ పిలిచేవాడు. "నా చెయ్యి మంచిది గాదన్నా, నువ్వే వెయ్యి" అనేవాడు. గొప్పలు ఆగిపోయాయి. చెప్పేస్తే సరిపోయే రోజులు ఎన్నో వచ్చాయి. గదిలో ఇద్దరమే ఉండేవాళ్ళం. ఎర్ర బకెట్ మంచం కిందే ఉండేది. ఈ వారం గడవనీ, వీసా రెన్యువల్ కానీ అనుకునేవాణ్ణి. నా వీసా రెన్యువల్ అయింది. అతనిది ముదీర్ చేయించలేదు.

వెళ్ళేరోజున బకెట్‌ను గదిలోనే వదిలేశాడు. "పిల్ల పెద్దగైంది. ఇగ దీంతోని ఆడదు" అన్నాడు. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక లేబర్ క్యాంపు మెస్‌లో పని దొరికిందని తరవాత విన్నాను. అతను పోయాక నేపాలీ కుర్రాళ్ళు నన్ను సిహింగ్ అనడం మొదలుపెట్టారు. వద్దనలేదు.

2008 మొదట్లో సిఫూ ఇంటికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, ఆ తరవాత మళ్ళీ మొదలుపెట్టిన కొత్త కుండలోంచి ఒక సీసా నాకు పోసిచ్చాడు. ఫుజైరాలో పెద్ద వంటవాడి చోటు మళ్ళీ ఖాళీ అయితే నా గురించి మాట ఇచ్చాడు. నేను వెళ్ళాను. ఫ్యామిలీ వీసా వచ్చింది. నా భార్య, కొడుకు వచ్చారు. శుక్రవారాలు వాడు బీచిలో ఇసుక తవ్వుతుంటే నేను చూడలేక ఓడల వైపు చూసేవాణ్ణి.

ఒకరోజు హాంకాంగ్ నుంచి సిసుక్ స్నేహితులెవరో వచ్చారు. సిసుక్ నన్ను పిలిచి వరస చెప్పమన్నాడు. అది వాళ్ళ పద్ధతి. ఎవరి శిష్యుడివి, ఆయన గురువెవరు, నీ పైన ఎవరు అని కొత్తవాళ్ళ ముందు చెప్పుకోవాలి. సిఫూ పేరు చెప్పాను. సిగుంగ్ పేరు చెప్పాను. ఆగాను.

"సిహింగ్?" అని అడిగాడు ఒకాయన.

నేను నోరు తెరిచేలోపే సిసుక్ చెయ్యి ఊపేశాడు. "నో సిహింగ్. హీ ఫస్ట్" అన్నాడు. కుండ చెడగొట్టినవాడు వరసలో లేడట. అతను మోకరిల్లి ఇచ్చిన చాయ్ లేదు. నేను ఒక మోకాలితో ఇచ్చిందే మొదటిది. వచ్చినవాళ్ళు నాకు తల వంచారు. నేనూ వంచాను.

ఆ తరవాతి శుక్రవారం ముసఫ్ఫా వెళ్ళాను. దారిలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో దిగి ఒక కెఫెటీరియాలో ఫ్లాస్క్ నిండా చాయ్ పోయించుకున్నాను. మన దగ్గర తప్పు ఒప్పుకోవాలంటే ఏం చేస్తామో నాకు తెలియదు, చాలామంది ఏమీ చేయరు. వాళ్ళ దగ్గర చిన్నవాడు పెద్దవాడికి చాయ్ పోసి ఇస్తాడు. ఆయన తాగితే క్షమించినట్టు. లేకపోతే లేదు.

మెస్ వెనక రేకుల పందిరి కింద అతను అన్నం గంజి వారుస్తున్నాడు. ఇద్దరు పట్టుకునేంత గిన్నె. జుట్టు ముందు వైపు పల్చబడింది. నన్ను చూసి గరిటె ఊపాడు.

"అరే అన్నా! ఫుజైరా షేకు! దారి తప్పినవా?"

"నిన్ను చూద్దామనే వచ్చాను."

"సూడు. గిదే మన సామ్రాజ్యం. అన్నం, పప్పు, అన్నం." పప్పు వైపు చూపించాడు. "ఉప్పు జెర చూస్తవా? నేను వేస్తే ఎన్నడు సక్కగ పడదు."

"మీ పాప ఎలా ఉంది?"

"బడికి పోతున్నది. ఫోన్ల మాట్లాడదు. సిగ్గంట." గంజి వార్చడం పూర్తి చేసి చేతులు తుడుచుకున్నాడు. "అన్నా, నువ్వు పోయినవ్ గదా ఆ జాగాకు, మంచిగైంది. నాకు అంత మంచి చెయ్యి లేకుండె. అంత పెద్ద వంటిల్లు పాడుచేస్తుంటి."

పేపర్ కప్పులో చాయ్ పోశాను. ఆ సిమెంటు నేల మీద, బియ్యం కడిగిన నీళ్ళలో, రెండు మోకాళ్ళూ ఆనించి కూర్చున్నాను. కూరగాయలు కోసేవాళ్ళు చేతులాపి చూశారు.

"ఏందన్నా ఇది? లే. నవ్వుతున్నరు."

"సోయా వల్ల కాదు. నీ చెయ్యి వల్ల కాదు. నువ్వు పోయిన మర్నాడు వేడి కుండ మీద నేను మూత పెట్టాను. తుడిచి మేకుకు తగిలించాను. ఎవరికీ చెప్పలేదు."

పొయ్యి మీద పప్పు పొంగి మంట మీద పడింది. అతను దాన్ని దించలేదు. తన కుడిచేతిని తిప్పి ఒకసారి చూసుకున్నాడు.

"రెండేండ్లు అన్నా," అన్నాడు మెల్లగా. "రెండేండ్ల సంది నేను ఉప్పు వెయ్యాల్నంటే భయపడ్తున్న."

కప్పు అందుకోలేదు. నా చేతులు కాలుతున్నాయి. దించలేదు.

"మూత నేనే పెట్టాను, సిహింగ్," అన్నాను. "నన్ను క్షమించు."